నీళ్లు మార్చొద్దు... తిప్పండి!

పెరట్లో ఓ బుల్లి కొలను. అందులో రెండు కలువలు, పది బంగారు చేపలు, ఓ మూల నుంచి గలగలమంటూ జారే నీళ్లు... ఇల్లు కట్టుకునే చాలామంది కల ఇది. తవ్వించడం తేలికే. తవ్వించిన కొలను ఆర్నెల్ల తర్వాత కూడా అద్దంలా మెరవాలంటే మాత్రం ఓ చిన్న లెక్క తెలియాలి. పంపు ఎంత ఉండాలి, ఫిల్టర్ ఎంత ఉండాలి అన్న లెక్క!

మొదటివారం అంతా బాగానే ఉంటుంది. అడుగున పరిచిన గులకరాళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. రెండోవారానికి నీళ్లు లేత పచ్చరంగులోకి తిరుగుతాయి. మూడోవారానికి చేపలు కనపడవు. కనపడ్డా పొద్దున్నే పైకి తేలి నోళ్లు తెరుచుకుంటూ కనపడతాయి. అప్పుడు ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ఒక్కటే... ‘నీళ్లన్నీ తోడేసి మళ్లీ నింపండి’ అని.

తోడతారు. నింపుతారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. ఈసారి రెండు చేపలు చచ్చి తేలతాయి. మూడు నెలలు గడిచాక విసుగొచ్చి మోటారు ఆపేస్తారు. ఆపేసిన కొలనులో చేపలూ లేకపోతే ఇక దోమలదే రాజ్యం. డెంగీ దోమకు కావాల్సింది కదలకుండా నిలిచిన ఇలాంటి నీళ్లే.

పోనీ వారంవారం మారుస్తూనే ఉందామంటారా? 2,700 లీటర్ల చిన్న కొలనునే తీసుకోండి. వారానికోసారి ఖాళీచేసి నింపితే నెలకు 10,800 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు! మండువేసవిలో హైదరాబాద్‌లో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో ఇది సరదా కాదు, నేరంలాంటిదే. అసలు విషయమేంటంటే, కొలను నీళ్లు మార్చాల్సినవి కావు. తిప్పాల్సినవి. సరైన పంపు, సరైన ఫిల్టర్ ఉంటే అవే నీళ్లు నెలల తరబడి శుభ్రంగా ఉంటాయి.

కంటికి కనపడని పనివాళ్లు

చేప తిన్న మేతలో కొంత దాని ఒంటికి పడుతుంది. మిగతాది వ్యర్థంగా నీళ్లలోకే వస్తుంది. అందులో ముఖ్యమైనది అమ్మోనియా. కిలో మేతకు సుమారు 30 గ్రాముల అమ్మోనియా తయారవుతుందన్నది చేపల పెంపకంలో అందరూ వాడే లెక్క. పిల్లలు సరదాపడి రోజుకు 20 గ్రాముల మేత వేశారనుకోండి. 0.6 గ్రాముల అమ్మోనియా. మన 2,700 లీటర్ల కొలనులో అది లీటరుకు 0.22 మిల్లీగ్రాములు. ఎవరూ శుభ్రం చేయకపోతే అయిదు రోజుల్లో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటుతుంది. చేపల మొప్పలు దెబ్బతినడానికి మన ఎండల్లో అది చాలు.

ఎండల సంగతి ఎందుకంటే, అమ్మోనియా విషం వేడితో పెరుగుతుంది. నీళ్ల పీహెచ్ 8 ఉన్నప్పుడు 20 డిగ్రీల చల్లటి నీళ్లలో మొత్తం అమ్మోనియాలో నాలుగు శాతం కంటే తక్కువే విషరూపంలో ఉంటుంది. అదే 30 డిగ్రీలకు చేరితే దాదాపు రెట్టింపు. మరోపక్క నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి పట్టుకోలేవు. ఊపిరి తగ్గే వేళకే విషం పెరుగుతుందన్నమాట. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల రైతులు రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతూ కాపలా కాసేదీ అందుకే. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చేసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలేది ఆ లోటుతోనే.

ఈ అమ్మోనియాను వదిలించే పనివాళ్లు ప్రకృతిలోనే ఉన్నారు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం చాలావరకు నిరపాయం, పైగా మొక్కలకు ఎరువు. ఈ బ్యాక్టీరియాకు కావాల్సినవి రెండే. అంటుకుని బతకడానికి చోటు, ఆక్సిజన్ ఉన్న నీళ్లు ఆగకుండా రావడం. ఆ చోటే ఫిల్టర్. ఆ నీళ్లను తెచ్చేది పంపు. నీళ్లన్నీ తోడేసి, ఫిల్టర్‌ను కుళాయి కింద తెల్లగా కడిగేసినప్పుడు మనం పారబోసేది మురికిని కాదు, ఈ పనివాళ్లని!

ముందు లీటర్లు తేల్చండి

ఏ పంపు కొనాలో తెలియాలంటే కొలనులో ఎన్ని నీళ్లున్నాయో తెలియాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి మూడూ హెచ్చవేయండి. వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. గుండ్రటి కొలనైతే మధ్య నుంచి అంచుకు ఉన్న దూరాన్ని దాంతోనే హెచ్చవేసి, 3.14తోనూ, లోతుతోనూ, 28.3తోనూ గుణించాలి.

ఉదాహరణకు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. అంటే 120 ఘనపుటడుగులు, దాదాపు 3,400 లీటర్లు. అయితే పెరటి కొలనులు పెట్టెలా ఉండవు. అంచులు వంపు తిరిగి ఉంటాయి. కలువ కుండీల కోసం మెట్లు కడతారు. అలాంటప్పుడు వచ్చిన లెక్కలో అయిదోవంతు తగ్గించుకోవాలి. మిగిలేది సుమారు 2,700 లీటర్లు.

ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే ఇంకో దారుంది. కొలను నింపే రోజున ఆ గొట్టం కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. నిమిషం పడితే గంటకు 1,200 లీటర్లు. కొలను నిండటానికి రెండుంపావు గంటలు పడితే... అంతే, 2,700 లీటర్లు!

గంటకు ఎన్ని లీటర్లు తిరగాలి?

చేపల్లేకుండా కలువలు మాత్రమే ఉంటే నీళ్లు నెమ్మదిగా తిరిగినా చాలు. నిజానికి కలువకూ తామరకూ కదిలే నీళ్లు గిట్టవు. ఆకుల మీద నీళ్లు చిమ్మినా అవి ముఖం చిట్లిస్తాయి. బంగారు చేపలుంటే చల్లటి దేశాల్లో రెండు గంటలకోసారి మొత్తం నీళ్లు ఫిల్టర్‌లోంచి తిరగాలంటారు. కోయి చేపలకైతే గంటకోసారి. మన ఎండలకు బంగారు చేపలకు కూడా గంటకోసారి లెక్కే మేలు. అంటే మన ఉదాహరణలో ఫిల్టర్ దాటి కొలనులో పడే నీళ్లు గంటకు 2,700 లీటర్లు ఉండాలి.

జలపాతం కావాలంటే దానికి వేరే లెక్కుంది. నీళ్లు జారే అంచు ఎంత వెడల్పుంటే, అంగుళానికి గంటకు 350 నుంచి 400 లీటర్ల చొప్పున కావాలి. ఆరంగుళాల అంచుకు 2,250 లీటర్లు చాలు. మన పంపే సరిపోతుంది. అదే రెండడుగుల వెడల్పున తెరలా జారాలంటే 9,000 లీటర్లు కావాలి. ఫిల్టర్‌కు అవసరమైనదానికి మూడు రెట్లకు పైగా! చాలా ఇళ్లలో జలపాతం కాస్తా గోడ మీద తడి మరకలా మిగిలిపోవడానికి కారణం ఇదే. అంచు తగ్గించుకోవడం పంపు పెంచుకోవడం కంటే చవక.

డబ్బా మీది అంకెను నమ్మొద్దు

పంపు డబ్బా మీద ‘గంటకు 5,000 లీటర్లు’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అబద్ధం కాదు. కానీ అది నీళ్లను ఒక్క అంగుళం కూడా పైకి ఎత్తనప్పటి మాట. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి. అదే డబ్బా మీద చిన్నక్షరాలతో ‘హెచ్ మ్యాక్స్ 3 మీటర్లు’ అని కూడా ఉంటుంది. మూడు మీటర్లు ఎత్తుతుందని చాలామంది సంబరపడతారు. దాని అసలు అర్థం వేరు. మూడు మీటర్ల దగ్గర నీళ్లు సున్నా అని!

మరి మన కొలనుకు ఎత్తు ఎంత? పంపు ఎంత లోతున ఉందన్నది లెక్కలోకి రాదు. నీటిమట్టం నుంచి నీళ్లు బయటపడే చోటు దాకా కొలవాలి. అది 4 అడుగులనుకుందాం. దీనికి పైపులో రాపిడి కలపాలి. సరైన సైజు పైపైతే ప్రతి పదడుగులకు ఓ అడుగు, ప్రతి ఎల్బోకూ ఓ అడుగు కలుపుకోవడం మోటు లెక్క. 15 అడుగుల పైపుకు ఒకటిన్నర, రెండు ఎల్బోలకు రెండు. మొత్తం ఏడున్నర అడుగులు. అంటే 2.3 మీటర్లు. ఇందాకటి 5,000 లీటర్ల పంపు అక్కడ సగం నీళ్లు కూడా ఇవ్వకపోవచ్చు.

కాబట్టి దుకాణంలో అడగాల్సింది ‘ఎన్ని లీటర్ల పంపు?’ అని కాదు. ‘2.3 మీటర్ల దగ్గర 2,700 లీటర్లు ఇస్తుందా?’ అని. మంచి కంపెనీ పంపు అయితే ఎంత ఎత్తుకు ఎన్ని నీళ్లో చూపించే గీత ఒకటి డబ్బాలోని కాగితం మీద ఉంటుంది. అది చూపించలేని పంపును పక్కన పెట్టేయండి.

పైపు దగ్గర పిసినారితనం అసలు వద్దు. వ్యాసం రెట్టింపు చేస్తే అంతే నీటికి రాపిడి దాదాపు ముప్పయ్యోవంతుకు పడిపోతుంది. మన లెక్కకు అరంగుళం పైపు వేస్తే పంపు గొంతు నులిమినట్టే. అంగుళం తప్పనిసరి, అంగుళంపావు అయితే మరీ మంచిది.

బిగించాక మళ్లీ బకెట్ పరీక్ష చేయండి. నీళ్లు పడేచోట 20 లీటర్ల బకెట్ 27 సెకన్లలో నిండితే గంటకు దాదాపు 2,700 లీటర్లు వస్తున్నట్టు. ఆ సెకన్ల అంకెను ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కొన్ని వారాల తర్వాత అదే బకెట్‌కు 40 సెకన్లు పడుతోందంటే గంటకు 1,800 లీటర్లే వస్తున్నాయి. పంపు జాలీలోనో, పైపులోనో చెత్త అడ్డుపడిందన్నమాట.

డ్రమ్ములో దాగిన గుట్టు

ఫిల్టర్ డబ్బా మీద కూడా ఓ అంకె ఉంటుంది. ‘10,000 లీటర్ల కొలనుకు’ అని. అది తరచూ చేపలు లేని కొలను లెక్క, అదీ చల్లటి దేశాలది. చేపలుంటే అందులో సగం, కోయిలుంటే పావువంతు అనుకోవాలి. ఆ లెక్కన మన 2,700 లీటర్ల బంగారు చేపల కొలనుకు కనీసం 5,400 అని రాసున్న ఫిల్టర్ కావాలి. మన వేడికి ఇంకాస్త పెద్దదే తీసుకోవాలి.

సొంతంగా చేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది. కొలను నీళ్లలో పదోవంతు ఫిల్టర్ ఉండాలన్నది పాతకాపుల లెక్క. మన ఉదాహరణకు 270 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, దాని ముందు 70 లీటర్ల చిన్న డ్రమ్ము ఒకటి. రసాయనాలు నింపినవి కాకుండా చూసుకోవాలి. పంపు నీళ్లు ముందు చిన్న డ్రమ్ములోకి వస్తాయి. అక్కడ వేగం తగ్గి బరువైన చెత్త అడుగుకు చేరుతుంది. అడుగున ఓ వాల్వు పెడితే అప్పుడప్పుడూ తిప్పి వదిలేయొచ్చు. అక్కణ్నుంచి పెద్ద డ్రమ్ము అడుగుకు వెళ్లి, పైకి లేస్తూ ముందు ముతక స్పాంజిని, తర్వాత బ్యాక్టీరియా ఉండే సరుకును దాటాలి. అందుకు కంకర వాడేవాళ్లున్నారు గానీ అది బరువు, త్వరగా పూడిపోతుంది. గాడులున్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు మేలు. నార్వేలో పుట్టిన ‘కే1’ రకం చక్రాలు ఘనపు మీటరు నిండితే, బ్యాక్టీరియా అంటుకోవడానికి వాటి లోపలే 500 చదరపు మీటర్ల చోటు ఉంటుంది. డ్రమ్ములో మూడడుగుల లోతున రెండు అరెకరాల... అనేంత కాదుగానీ, 50 లీటర్ల చక్రాల్లోనే 25 చదరపు మీటర్లు. ఓ పెద్ద గది నేలంత!

ఒక్క జాగ్రత్త. డ్రమ్ములోకి వచ్చే పైపు అంగుళమైతే బయటికి పోయేది రెండంగుళాలు ఉండాలి. లోపలికి పంపు తోస్తుంది. బయటికి నీళ్లు వాటంతటవే జారాలి. ఈ తేడా మరిస్తే డ్రమ్ము పొంగి, రాత్రికి రాత్రే కొలను నీళ్లన్నీ పెరటిపాలవుతాయి. పంపును కూడా కొలను అడుగున కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. బురద లాగదు. ఎక్కడైనా పైపు ఊడినా చేపలకు ఆ ఇటుకల ఎత్తున నీళ్లు మిగులుతాయి.

మరి పచ్చదనం? నీళ్లకు ఆ రంగు తెచ్చే నాచు కంటికి కనపడనంత సూక్ష్మమైనది. స్పాంజికి చిక్కదు. కలువ ఆకులు నీటిమట్టంలో సగం కప్పేలా పెంచితే ఎండ తగలక చాలావరకు తగ్గుతుంది. కలువ దుంపలు కడియం నర్సరీల్లో రకరకాలు దొరుకుతాయి. అప్పటికీ తగ్గకపోతే ఫిల్టర్ దారిలో 9 నుంచి 11 వాట్ల యూవీ దీపం బిగించాలి. దాని వెలుగులోంచి వెళ్లిన నాచు ముద్దకట్టి స్పాంజికి చిక్కుతుంది. దీపం వెలుగుతున్నట్టే కనిపించినా ఏడాదిలో దాని శక్తి తగ్గిపోతుంది. అప్పుడు మార్చాల్సిందే.

మీటరు కూడా తిరుగుతుంది

పంపు రోజంతా నడవాలి. నడిపేది పగలు కాసేపు, అతిథులొచ్చినప్పుడు కాసేపు అయితే ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది. అందుకే వాట్లు చూసి కొనాలి. 60 వాట్ల పంపు నెలంతా ఆగకుండా నడిస్తే 43 యూనిట్లు. ఇంట్లో పడున్న అరహెచ్‌పీ మోటారు ఉందిగా అని దాన్నే పెట్టారనుకోండి. అరహెచ్‌పీ అంటేనే 373 వాట్లు. నెలకు 268 యూనిట్ల పైమాటే. బిల్లు పై శ్లాబులోకి ఎక్కేస్తుంది. పైగా అవి ట్యాంకు నింపి ఆగే మోటార్లు. రాత్రింబవళ్లు నడవడానికి చేసినవి కావు. ఇక కూలర్ పంపు వాడేవాళ్లూ ఉన్నారు. తొట్టిలో బుల్లి ఫౌంటెన్‌కు అది సరే. డ్రమ్ము దాకా నీళ్లెత్తి ఫిల్టర్ నడిపే సత్తా దానికి లేదు.

కరెంటు పోతే? ఒకట్రెండు గంటలకు ఫర్వాలేదు. అంతకుమించితే ఇన్వర్టర్ మీద 5 వాట్ల చిన్న గాలిపంపు పెట్టి చేపల ఊపిరి నిలపండి. చాలాసేపు ఆగిన ఫిల్టర్‌లోంచి మొదట వచ్చే నీళ్లు కంపుకొడతాయి. వాటిని కొలనులోకి రానివ్వకుండా మొక్కలకు వదిలేయండి.

నీళ్లూ కరెంటూ కలిసేచోట బేరాలు వద్దు. పంపు లైనుకు ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. తీగకు నీళ్లలో అతుకు ఉండకూడదు. కొలనులో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకేయాలి. ఇంట్లో పసిపిల్లలుంటే నీటిమట్టానికి పైన గట్టి ఇనుప జాలీ బిగించండి. రెండున్నర అడుగుల లోతు పెద్దలకు మోకాలిపైకి వస్తుందంతే. పాకే పాపకు అది చెరువు.

ఆరువారాల ఓపిక

అన్నీ సరిగ్గా బిగించినా మొదటిరోజే పాతిక చేపలు వదిలితే అంతా వృథా. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరువారాలు పడుతుంది. ముందు రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి. రెండు నిమిషాల్లో తినేంతే మేత వేయండి. తెలిసినవాళ్ల పాత ఫిల్టర్ నుంచి ఓ స్పాంజి ముక్క తెచ్చి మీ డ్రమ్ములో వేస్తే పెరుగుకు తోడు వేసినట్టే! పని త్వరగా అవుతుంది.

చేపల సంఖ్యకూ ఓ కొలత ఉంది. చదరపుటడుగు నీటిమట్టానికి అంగుళం చేప. మన 48 చదరపుటడుగులకు నాలుగంగుళాల బంగారు చేపలు 12 దాటకూడదు. కోయిల జోలికి వెళ్లొద్దు. వేలెడంత కొన్నా అవి రెండడుగులు పెరుగుతాయి. వాటికి నాలుగడుగుల లోతూ, ఇంతకు ఎన్నో రెట్ల నీళ్లూ కావాలి.

ఆ తర్వాత పని చాలా తక్కువ. వారానికోసారి పదోవంతు నీళ్లు తీసి మొక్కలకు పోయండి. నైట్రేట్ ఉన్న ఆ నీళ్లు మీ గులాబీలకు ఉచిత ఎరువు. తీసినంత మళ్లీ పోయండి. మున్సిపల్ నీళ్లయితే ముందురోజే పట్టి ఆరుబయట ఉంచితే క్లోరిన్ పోతుంది. స్పాంజిని కుళాయి కింద కాకుండా కొలను నీళ్లలోనే పిండండి. ఎండాకాలంలో రోజుకో సెంటీమీటరు దాకా ఆవిరవుతుంది. అది 45 లీటర్లు, రెండు బకెట్ల పైచిలుకు. మొత్తం కలిపినా నెలకు 2,500 లీటర్లు దాటదు. ఇందాకటి 10,800తో పోల్చి చూసుకోండి!

కొనేముందు ఓసారి...

* కొలనులో నీళ్లెన్నో లీటర్లలో తేల్చుకున్నారా?
* నీటిమట్టం నుంచి ఎత్తు, పైపు పొడవు, ఎల్బోలు కలిపి హెడ్ లెక్కేశారా?
* ఆ హెడ్ దగ్గర ఎన్ని లీటర్లొస్తాయో కాగితం మీద చూశారా?
* పంపు రాత్రింబవళ్లు నడవడానికి చేసిందేనా? వాట్లెన్ని?
* ఫిల్టర్ మీది అంకె చేపలున్న కొలనుదా, లేనిదా?
* విడిభాగాలు మీ ఊళ్లో దొరుకుతాయా?

వీటికి జవాబులు దొరికాకే జేబులో చెయ్యి పెట్టండి. పూర్వం మన ఊళ్లలో బావి నీళ్లు బాగుండాలని చేపపిల్లల్ని వదిలేవారు. ఆ బావికి కింద ఊట ఉండేది, రోజూ తోడే చేతులుండేవి. పెరటి కొలనుకు ఆ రెండూ లేవు. ఊటా చేతులూ చేసే పనంతా పంపూ ఫిల్టరే చేయాలి. వాటిని సరిగ్గా ఎంచుకుంటే ఇక మీ వంతు పని... సాయంత్రం గట్టు మీద కూర్చుని చేపలకు చిటికెడు మేత వేయడమే!